వేలెడంత ఇంజన్‌లో ఎన్ని రాజీలు

సోమశిల నీళ్ళ కింద వరి వేసినా, మెట్టన నిమ్మ పెట్టినా, అనంతసాగరం మండలంలో మందు కొట్టే రోజుల్లో చెవిన పడే చప్పుడు ఒకటే. వీపున తగిలించుకున్న పవర్ స్ప్రేయర్ పొద్దున్నే గీపెట్టడం మొదలెడుతుంది. మన రైతులు దాన్ని తైవాన్ స్ప్రేయర్ అంటారు. అందులో ఉండేది సుమారు 26 సీసీ టూస్ట్రోక్ ఇంజన్, బలం ఒక హెచ్‌పీకి అటూ ఇటూ. ఈ జాతిలోనే ఇంతకంటే చిన్నవీ, ఇంతకంటే ఎంతో చురుకైనవీ ఉన్నాయి. అవి మోడల్ విమానాల ఇంజన్లు.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరిన పిల్లలకు వీటితో పరిచయం ఉంటుంది. వాయు సైనిక్ క్యాంపుల్లో ఏరోమోడలింగ్ పోటీలు పెడతారు. కంట్రోల్ లైన్ పద్ధతిలో అయితే, ఎగరేసే పిల్లవాడు మధ్యలో నిలబడి రెండు సన్నని తీగలు పట్టుకుంటే బాల్సా చెక్క విమానం అతని చుట్టూ గిర్రున తిరుగుతుంది. ఒకప్పుడు ఇందుకోసం మన దేశంలోనే ఇంజన్లు తయారయ్యేవి. కలకత్తాలోని ఇండియాస్ హాబీ సెంటర్ అరోరా పేరుతో చిన్న డీజిల్ ఇంజన్లు చేసి అమ్మేది. విదేశీ సరుకు దొరకని కాలంలో ఎందరో పిల్లలు ఇంజనీరింగ్ ఓనమాలు దిద్దుకున్నది వాటి మీదే.

కొన్ని అంకెలు చూడండి. జపాన్ కంపెనీ ఓఎస్ వారి 46ఏఎక్స్ అనే మోడల్ ఇంజన్ 7.5 సీసీ. సైలెన్సర్ తీసేస్తే బరువు 375 గ్రాములు. నిమిషానికి 16,000 చుట్లు తిరిగినప్పుడు 1.63 హెచ్‌పీ ఇస్తుంది. అంటే మన స్ప్రేయర్ ఇంజన్‌లో మూడో వంతు కూడా లేని బుడ్డది, దానికంటే ఎక్కువ బలం చూపిస్తోంది. ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ కనిపించే 97 సీసీ స్ప్లెండర్ బండి బలం 8 హెచ్‌పీ. లీటరు లెక్కన కడితే బండికి 82 హెచ్‌పీ వస్తే, ఈ బుడ్డ ఇంజన్‌కు 217 వస్తుంది. బావి గట్టున కూర్చునే 5 హెచ్‌పీ కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ 553 సీసీ. దానికి లీటరు లెక్కన వచ్చేది 9 మాత్రమే.

ఈ బలం ఎక్కడి నుంచి వచ్చింది? చిన్న ఇంజన్‌లో పిస్టన్ పిచ్చి వేగంతో కొట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అలా తేలదు. కిర్లోస్కర్ పిస్టన్ ఒక్కో దెబ్బకు 110 మి.మీ. కదులుతుంది, నిమిషానికి 1,500 చుట్ల దగ్గర దాని సగటు వేగం సెకనుకు ఐదున్నర మీటర్లు. స్ప్లెండర్‌లో అది 13 మీటర్లు. మన 7.5 సీసీ ఇంజన్‌లో స్ట్రోక్ 20 మి.మీ. లోపే కాబట్టి 16,000 చుట్ల దగ్గర కూడా పిస్టన్ వేగం సెకనుకు పదిన్నర మీటర్లే. మోటార్ సైకిల్ కంటే తక్కువ! లోహం, నూనె పొర కలిసి తట్టుకోగల పిస్టన్ వేగానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు పెద్ద ఇంజన్‌కూ చిన్న ఇంజన్‌కూ ఇంచుమించు ఒకటే. పిస్టన్ వెళ్ళాల్సిన దూరం తగ్గింది కాబట్టి అదే వేగంతో చిన్నది ఎక్కువసార్లు తిరగగలుగుతుంది, అంతే. అందులోనూ ఇది టూస్ట్రోక్, ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది.

దీనివల్ల ఒక గొప్ప వరం దొరికింది. ఇంజన్ బలం పిస్టన్ పైభాగపు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి. కొలతలన్నీ సగం చేస్తే బలం నాలుగో వంతుకు దిగుతుంది, బరువు ఎనిమిదో వంతుకు దిగుతుంది. అంటే కిలో బరువుకు వచ్చే బలం రెట్టింపు అవుతుంది. కాగితం మీద ఈ లెక్క చూసినవాడికి, ఇంజన్‌ను ఎంత చిన్నది చేస్తే అంత లాభం కదా అనిపిస్తుంది. ఆ ఆశకు మొదట అడ్డుపడేది వేడి.

సిలిండర్ వ్యాసం, స్ట్రోక్ సమానం అనుకుని లెక్క కడదాం. 80 మి.మీ. సిలిండర్‌లో ఒక ఘన సెంటీమీటరు జాగాకు 0.75 చదరపు సెంటీమీటర్ల గోడ తగులుతుంది. 22 మి.మీ. సిలిండర్‌లో అది 2.7. అమెరికాలో 1950ల నుంచి లక్షల్లో అమ్ముడుపోయిన కాక్స్ బేబ్ బీ అనే 0.8 సీసీ ఇంజన్ సిలిండర్ వ్యాసం పది మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. అక్కడ ఆ అంకె 5.8. అంటే మంట చుట్టూ చల్లటి లోహం దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ. గిన్నెలో అన్నం గంటకే చల్లారిపోతుంది, పెళ్ళి డేగిసాలో అన్నం మధ్యాహ్నం దాటినా పొగలు కక్కుతుంది. ఇదీ అదే లెక్క. మంట పిస్టన్‌ను తోయడానికి పోవలసిన వేడిని గోడలు లాగేసుకుంటాయి. పైగా గోడకు మరీ దగ్గరైన చోట మంట ఆరిపోతుంది, అక్కడున్న ఇంధనం మండకుండానే పొగగొట్టంలోంచి వెళ్ళిపోతుంది. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇటువంటి ఇంజన్లను పరీక్ష బల్ల మీద బిగించి కొలిచారు. సైజు తగ్గేకొద్దీ సామర్థ్యం పడిపోతూనే వచ్చింది. కారు ఇంజన్ ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు అటూ ఇటూగా పనిలోకి మార్చుకుంటే, చిన్న మోడల్ ఇంజన్ పదో వంతు అందుకోవడానికే ఆయాసపడుతుంది.

వేడి తర్వాత తలనొప్పి లీకు. ఆత్మకూరులో స్ప్రేయర్లు బాగుచేసే ఒక కొట్టు దగ్గర కాసేపు కూర్చుంటే ఇది కళ్ళారా చూడొచ్చు. బలం తగ్గిందని తెచ్చిన ఇంజన్‌ను మెకానిక్ ముందు విప్పడు. తాడు కొంచెం లాగి, చేతికి అడ్డం తగులుతుందా లేదా చూస్తాడు. తగలకపోతే కంప్రెషన్ పోయింది. అప్పుడు సిలిండర్ ఊడదీసి, రింగును గోరుతో పిస్టన్ గాడిలో కదిపి, గోడ మీద నిలువు గీతలు వెతుకుతాడు. "ఆయిలు తక్కువేసి తోలుంటావన్నా, పట్టేసింది" అంటాడు. స్ప్రేయర్‌కు రింగులున్నాయి కాబట్టి కొత్తవి వేసి పంపిస్తాడు. పది మిల్లీమీటర్ల పిస్టన్‌కు రింగు వేయడం అయ్యే పని కాదు. అక్కడ పిస్టనే నేరుగా సిలిండర్‌కు అతికినట్టు సరిపోవాలి. ఖాళీ ఉండాల్సింది మైక్రాన్లలో. మన వెంట్రుక మందం 50 మైక్రాన్లకు పైనే ఉంటుంది, ఈ ఖాళీ అందులో చిన్న వంతు. ఇంజన్ కొలతలు సగం చేసినంత సులువుగా ఈ ఖాళీని సగం చేయలేం, యంత్రాల పనితనానికి ఒక హద్దుంది. అందువల్ల ఇంజన్ చిన్నదయ్యేకొద్దీ లోపలి గాలిలో లీకయ్యే వాటా పెరుగుతుంది.

ఇక్కడ మోడల్ ఇంజన్లు చేసేవారు పన్నిన ఉపాయం నాకు ఎప్పుడూ అబ్బురంగా ఉంటుంది. దాన్ని ఏబీసీ అంటారు: అల్యూమినియం పిస్టన్, ఇత్తడి సిలిండర్, లోపల క్రోమియం పూత. సిలిండర్‌ను తిన్నగా చేయరు. పైకి వెళ్ళేకొద్దీ కొద్దిగా ఇరుకు చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్‌ను వేలితో తిప్పితే పిస్టన్ పై కొసకు వచ్చేసరికి బిగుసుకుని కీచుమంటుంది. కొత్తవాళ్ళు ఇంజన్ పాడైందేమో అనుకుంటారు. మంట రాజుకున్నాక సిలిండర్ పైభాగమే ఎక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఇరుకు పోయి గొట్టం తిన్నగా అవుతుంది. పిస్టన్‌కు మామూలు అల్యూమినియం వాడితే అది ఇత్తడి కంటే ఎక్కువ ఉబ్బి పట్టేస్తుంది, అందుకని అందులో సిలికాన్ బాగా కలుపుతారు. అప్పుడు రెండూ దాదాపు ఒకే తీరున పెరుగుతాయి.

దీనికి కట్టాల్సిన మూల్యం ఉంది. ఈ ఇంజన్ ఒక వేడి దగ్గర మాత్రమే సరిగ్గా సరిపోతుంది. కొత్త ఇంజన్ కదా అని భయపడి, ఇంధనం మరీ ఎక్కువ వదిలి చల్లగా నడిపితే పైన ఇరుకు తెరుచుకోక పిస్టన్ ఒరుసుకుపోతుంది. ఇంధనం తగ్గించి మరీ వేడిగా నడిపితే నూనె పొర తెగి పట్టేస్తుంది. ఇనుప పిస్టన్, ఉక్కు సిలిండర్ ఉన్న పాతకాలపు ఇంజన్ ఇంత సుకుమారంగా ఉండదు. కానీ ఆ ఇనుప పిస్టన్ బరువు, అది కొట్టుకున్నప్పుడు పుట్టే అదురు వేగాన్ని అదుపులో పెట్టేస్తాయి.

ఇక ఇంధనం సంగతి. మంట రాజేసే గ్లో ప్లగ్గుతో నడిచే ఈ ఇంజన్లలో పోసేది పెట్రోలు కాదు, మిథనాల్. కిలో పెట్రోలులో 44 మెగాజౌళ్ళ వేడి ఉంటే మిథనాల్‌లో 20 మాత్రమే. మరి ఈ తక్కువదాన్ని ఎందుకు ఎంచుకున్నారు? ఇంజన్‌కు కరువు గాలే కానీ ఇంధనం కాదు. కిలో పెట్రోలు మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, కిలో మిథనాల్‌కు 6.4 కిలోలు చాలు. అదే గాలికి రెండింతలు మిథనాల్ పోయవచ్చు, చివరికి వచ్చే వేడి సమానం. పోసిన మిథనాల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న లోహం నుంచి పెట్రోలు కంటే ఎన్నో రెట్లు వేడి లాగుతుంది. రేడియేటరూ ఫ్యానూ లేని ఇంజన్‌కు ఇంధనమే చల్లదనం అన్నమాట. నైట్రోమీథేన్ కలిపితే బలం ఇంకా పెరుగుతుంది, దానికి 1.7 కిలోల గాలి చాలు. అయితే దాని ధర ఎక్కువ, మిగిలిపోయిన తడి లోపలి బేరింగులను తుప్పు పట్టిస్తుంది. అంతర్జాతీయ వేగ పోటీల్లో దాన్ని పక్కన పెట్టేశారు. 2.5 సీసీ ఇంజన్ల ఆ పోటీలో అందరూ ఒకే ఇంధనం వాడాలి: 80 పాళ్ళు మిథనాల్, 20 పాళ్ళు ఆముదం.

ఔను, మన ఆముదమే. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించేది భారతదేశం. గుజరాత్ మొదటి స్థానంలో ఉన్నా, పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల చెలకల్లో వర్షాధారంగా తరతరాలుగా వేసిన పంట ఇది. పాలెం పరిశోధనా కేంద్రం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధనా సంస్థ దీని మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాయి. మన చెలకల్లో పండే ఆముదానికీ ఆకాశంలో ఎగిరే యంత్రానికీ బంధం మొదటి ప్రపంచ యుద్ధం నాటికే ఉంది. అప్పటి నోమ్, ల రోన్ విమాన ఇంజన్లు ఆముదం తాగుతూ, దాన్ని బయటికి చిమ్ముతూ ఎగిరేవి. క్యాస్ట్రాల్ అనే కంపెనీ పేరులో కూడా ఉన్నది ఆముదమే.

ఆముదంలో ఏముందని? దాని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. ఆ అణువు నడుమ ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది, ఆల్కహాల్‌లో ఉండేది కూడా అదే. అందుకే మిథనాల్‌లో ఆముదం చక్కగా కలిసిపోతుంది. పెట్రోలు బంకులో అమ్మే మామూలు టూటీ ఆయిల్ మిథనాల్‌లో పోస్తే విడిపోతుంది. మరొక గుణం ఇంకా విలువైనది. మితిమీరిన వేడిలో చాలా నూనెలు ఆవిరై తప్పుకుంటాయి, ఆముదం చిక్కబడి లోహానికి అంటుకుంటుంది. ఎగిరే మధ్యలో ఇంధనం సన్నబడి ఇంజన్ కాలిపోయే స్థితికి వస్తే ప్రాణం కాపాడేది ఆ పొరే. అదే పొర నెలల తరబడి గట్టిపడి పిస్టన్ మీద గోధుమ రంగు వార్నిష్‌లా పేరుకుంటుంది, బలం తగ్గిస్తుంది. కృత్రిమ నూనెలు వాడితే ఇంజన్ లోపల అద్దంలా ఉంటుంది కానీ ఆపద వేళ ఆదుకోవు. అనుభవం ఉన్నవాళ్ళు రెండూ కలిపి వాడతారు, నా మాట కూడా అదే.

నూనె పాళ్ళు గమనించారా? స్ప్రేయర్‌కు లీటరు పెట్రోలులో మనం పోసేది 20 నుంచి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్. మోడల్ ఇంజన్‌కు లీటరులో 200. ఇక్కడ ఆముదానికి మూడు పనులు: రాపిడి తగ్గించడం, పిస్టన్ చుట్టూ ఖాళీని మూయడం, వేడిని మోసుకుని బయటికి పోవడం. ట్యాంకులో అయిదో వంతు, మండి బలమివ్వని సరుకుతో నిండుతుంది. ఎగిరి వచ్చిన విమానం రెక్కలు జిడ్డోడుతుంటాయి.

మంట రాజేసే పద్ధతిలో కూడా ఇలాంటి బేరమే నడిచింది. 1934లో అమెరికా యువకుడు విలియం బ్రౌన్ 10 సీసీ బ్రౌన్ జూనియర్‌ను మార్కెట్‌లోకి తెచ్చాడు. అది స్పార్క్ ప్లగ్గు ఇంజన్. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో ఎగరేసేవాడి చేతిలో ఉండేది, కానీ కాయిల్, కండెన్సర్, బ్యాటరీలు అన్నీ విమానమే మోయాలి. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును బజారుకు తెచ్చి ఆ బరువంతా దించేశాడు. అందులో ఉండేది సన్నని ప్లాటినం తీగ చుట్ట. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి ఎర్రగా కాలిస్తే చాలు. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ పీకేయవచ్చు. ప్లాటినం మీద మిథనాల్ ఆవిరి చర్య జరుపుతూ తీగను తనే ఎర్రగా ఉంచుకుంటుంది. పోగొట్టుకున్నది నిప్పు వేళ మీద అదుపు. ఇప్పుడు అది ప్లగ్గు రకం, కంప్రెషన్, నైట్రో పాళ్ళు కలిసి నిర్ణయించే వ్యవహారం.

ఐరోపా వేరే దారి పట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్విట్జర్లాండులో పుంజుకున్న మోడల్ డీజిల్‌కు ప్లగ్గే లేదు. ఈథర్, కిరోసిన్, ఆముదం ఇంచుమించు సమాన పాళ్ళలో కలుపుతారు. ఈథర్ కొద్ది వేడికే అంటుకుంటుంది, కిరోసిన్ సత్తువ ఇస్తుంది. ఒకదానితో ఒకటి సరిగా కలవని కిరోసిన్, ఆముదాలను కలిపి ఉంచేది కూడా ఈథరే. సిలిండర్ నెత్తిన మరో చిన్న పిస్టన్ పెట్టి, దాన్ని మరతో కిందికి పైకి జరుపుతూ కంప్రెషన్‌ను చేత్తోనే మార్చుకోవచ్చు. ఒత్తిడి ఎక్కువ కాబట్టి క్రాంక్, కనెక్టింగ్ రాడ్డు మందంగా ఉండాలి, బరువు పెరుగుతుంది. ఇంధనం మాత్రం చాలా పొదుపు. ఒక ట్యాంకుతో ఎక్కువ దూరం వెళ్ళాల్సిన టీమ్ రేస్ పోటీల్లో డీజిళ్ళదే రాజ్యం.

బరువు తగ్గించాలంటే ఒకే భాగం రెండు మూడు చాకిరీలు చేయాలి. చాలా మోడల్ ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొసన ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది, మధ్యలో ఉన్న కన్నం కార్బొరేటర్‌కు వాల్వు అవుతుంది, బోలుగా ఉన్న దాని కడుపులోంచే ఇంధనం లోపలికి పోతుంది. కన్నం పెద్దది చేస్తే గాలి బాగా ఆడుతుంది, షాఫ్ట్ బలహీనపడి విరుగుతుంది. షాఫ్ట్ లావు చేస్తే రాపిడి పెరుగుతుంది. కాక్స్ వాళ్ళు బేబ్ బీలో వాల్వును వెనక్కి మార్చి పలుచటి రీడ్ రేకు పెట్టారు. చౌక, తేలిక. కాకపోతే ఆ ఇంజన్‌కు ముందూ వెనకా తేడా తెలియదు, ఒక్కోసారి తిరగబడి స్టార్ట్ అవుతుంది.

కార్బొరేటర్‌కు మన పాత స్ప్లెండర్లలో ఉన్నట్టు ఫ్లోట్ గిన్నె పెట్టడం కుదరదు, విమానం తలకిందులవుతుంది కదా. ఉన్నదంతా ఒక గొంతు, ఇంధనాన్ని కొలిచి వదిలే ఒక నీడిల్. గొంతు వెడల్పు చేస్తే గాలి ఎక్కువై బలం పెరుగుతుంది, ఇంధనాన్ని పీల్చే శక్తి తగ్గి నిటారుగా ఎగిరేటప్పుడు ఆగిపోతుంది. అందుకని సైలెన్సర్‌లోని ఒత్తిడిని చిన్న గొట్టంతో ట్యాంకుకు తగిలించి ఇంధనాన్ని నెట్టిస్తారు.

ఇంత కష్టపడి తెచ్చిన బలాన్ని చివర్లో ప్రొపెల్లర్ కొంత మింగుతుంది. పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితేనే గాలిని పొదుపుగా నెడుతుంది, ఇంజన్ బలమేమో వేగంలో ఉంది. మధ్యన గేర్లు పెడితే బరువు. వేగ పోటీల 2.5 సీసీ ఇంజన్లు నిమిషానికి 40,000 చుట్లు తిరుగుతూ విమానాన్ని గంటకు 300 కిలోమీటర్ల దగ్గరికి తీసుకెళతాయి. 15 సెంటీమీటర్ల ప్రొపెల్లర్ అంత వేగంగా తిరిగితే దాని కొస సెకనుకు 310 మీటర్లు దాటుతుంది, ధ్వని వేగానికి దరిదాపు. ఆ హద్దు దాటితే చప్పుడు పెరిగి బలం వృథాగా పోతుంది. చెక్క ప్రొపెల్లర్లను ఇప్పటికీ చేత్తో చెక్కి సరిచేసేవారున్నారు. ఉదయగిరిలో కొండ చెట్ల చెక్కతో చెంచాలూ ఫోర్కులూ సన్నగా చెక్కే చేతులు ఈ పని ఎంత బాగా చేయగలవో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు పొలాలకు డ్రోన్లు వస్తున్నాయి. 2023లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని నిర్ణయించింది. అవి బ్యాటరీతో నడుస్తాయి. కిలో లిథియం బ్యాటరీలో పట్టేది సుమారు 0.15 నుంచి 0.2 యూనిట్ల కరెంటు. కిలో మిథనాల్‌లో ఐదున్నర యూనిట్ల శక్తి ఉంది. ఇంజన్ అందులో తొంభై శాతం వృథా చేసినా బ్యాటరీ కంటే రెండు మూడింతలు మిగులుతుంది. అయినా డ్రోన్‌లో చిన్న ఇంజన్ పెట్టరు. నాలుగో ఆరో రెక్కల వేగాన్ని సెకనుకు ఎన్నోసార్లు మారుస్తూ ఉంటేనే డ్రోన్ గాలిలో నిలుస్తుంది. మోటారు ఆ మాట వెంటనే వింటుంది, నీడిల్ మీద నడిచే టూస్ట్రోక్ వినలేదు. పోటీలో గెలిచింది చెప్పిన మాట వినే గుణం. గాలిలో ఉండే వేళ మాత్రం పది పదిహేను నిమిషాలకు పడిపోయింది.

హైస్కూలు సైన్సు మాస్టర్లకు, పాలిటెక్నిక్ అధ్యాపకులకు ఒక మనవి. బాగుకాదని మూల పడేసిన స్ప్రేయర్ ఇంజన్ ప్రతి ఊళ్ళో ఒకటైనా ఉంటుంది. పాత సామాన్లకు వేయకముందే దాన్ని బడికి అడగండి. ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, పిల్లల చేత విప్పించండి. పిస్టన్ వ్యాసం, స్ట్రోక్ స్కేలుతో కొలిపించి, పిస్టన్ వేగం వాళ్ళ చేతే లెక్క కట్టించండి. మోడల్ ఇంజన్ నడిపే అవకాశం దొరికిన పిల్లలకు రెండు సంగతులు ముందే చెప్పండి. తిరిగే ప్రొపెల్లర్ ఎదుటగానీ పక్కనగానీ నిలబడకూడదు, ఎప్పుడూ దాని వెనకే ఉండాలి. మిథనాల్ విషం, కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, దాని మంట పగటి వెలుతురులో కంటికి కనిపించదు. ఆ డబ్బాకు తాళం వేసి, తాళం చెవి పెద్దల దగ్గర ఉంచండి.